ఆ బీరువా తాళం తీద్దాం

(ఏప్రిల్ 2, అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. చాప మీద కూర్చున్న పిల్లలూ, ఆ చివర్లో ఉన్నవాళ్లకి ఎండ పడుతోంది, ఇటు జరగండి. పుస్తకాలు తొక్కితే తొక్కారులే, పక్కకి నెట్టి కూర్చోండి.

నిన్ననే ఉత్కళ దివస్ చేసుకున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది, అప్పటిదాకా మద్రాసు వైపున్న మన ఊరు ఇటు వచ్చింది. ఇవాళేమో ఏప్రిల్ 2, పిల్లల కథలు రాసిన ఆండర్సన్ గారు పుట్టిన రోజు, 1967 నుంచి ప్రపంచమంతా దీన్ని పిల్లల పుస్తకాల పండగగా చేసుకుంటోంది. ఈ రెండు రోజులూ పక్కపక్కన రావాలని ఎవరూ అనుకుని పెట్టలేదు. కానీ మన ఇళ్లలో పిల్లల సంగతి ఆలోచిస్తే నాకు ఈ రెండూ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి. ఇక్కడి నుంచి కాస్త నడిస్తే ఆంధ్రాలోని పాతపట్నం. అక్కడి పిల్లాడు తెలుగు వాచకం చదువుతాడు, మన పిల్లాడు ఒడియా వాచకం చదువుతాడు, ఇద్దరి ఇళ్లలోనూ సాయంత్రం అయ్యేసరికి అమ్మ కేకేసేది మాత్రం ఒక్కలాగే, "బేగి రారా, బువ్వ చల్లారిపోతోంది" అని.

ఒడియా నేర్చుకోవడం మన పిల్లలకి మంచిదే. నేను 30 ఏళ్లకు పైగా చిన్న తరగతులకి చెప్పాను, ఒడియాలోనే చెప్పాను, ఆ భాష అంటే నాకు చాలా ఇష్టం. నా బాధ వేరే. మన పిల్లలకి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఇది ఒకరిద్దరి సంగతి కాదు, ఇక్కడున్న తల్లులు చాలామంది నాతో చెప్పుకున్నదే.

నాలుగో తరగతి పిల్ల ఒకమ్మాయి ఉండేది నా దగ్గర. ఒడియా గడగడా చదివేది, క్లాసులో అందరికంటే ముందు. ఒకరోజు వాళ్లింటికి టెక్కలి నుంచి శుభలేఖ వచ్చింది. వాళ్ల నాయనమ్మకి చదువు రాదు, మనవరాలి చేతిలో పెట్టి "ఏటి రాసుందో చదువమ్మా, పెళ్లెప్పుడంట?" అని అడిగింది. ఆ పిల్ల తిప్పి తిప్పి చూసింది. అంకెలు తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. "ఇన్నేళ్లు బడికెళ్లి ఏటి నేర్చుకున్నావు?" అని ముసలమ్మ మామూలుగానే అంది, తిట్టాలని కాదు. మర్నాడు ఆ పిల్ల బడికి వచ్చి నా దగ్గర ఏడ్చేసింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఎందుకంటే తప్పు పిల్లది కాదు, ముసలమ్మదీ కాదు, ఇన్నేళ్లుగా ఆ పిల్ల ముందు ఒక్క తెలుగు కథల పుస్తకం పెట్టని మా పెద్దవాళ్లది, అందులో నేనూ ఉన్నాను.

అప్పుడు ఏం చేశానంటే, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి, ఒకే బొమ్మల పుస్తకాన్ని చాలా భారతీయ భాషల్లో వేస్తారు. ఒకే పుస్తకం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి సంపాదించాను. రెండూ పక్కపక్కన పెట్టి, "ముందు నీకొచ్చింది చదువు, తర్వాత ఇది చూడు, బొమ్మ అదే, కథ అదే" అన్నాను. అక్షరాలు నేర్పలేదు. పలక ఇవ్వలేదు.

టీచర్లు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఇది మన పిల్లలకి ప్రత్యేకం. ఒడియా వచ్చిన పిల్లకి తెలుగు కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, ఆ వరస రెండిటికీ ఒకటే. వత్తు కింద పెట్టడం తెలుసు. రెండు లిపులూ గుండ్రంగానే ఉంటాయి. మారేది ఆకారం. అయితే రెండు చోట్ల మాత్రం ప్రతి పిల్లా తడబడుతుంది. ఒకటి, ఒడియాలో అకారాన్ని 'ఒ'కి దగ్గరగా పలుకుతారు, అందుకని 'పలక' అని రాసి ఉంటే మన పిల్ల 'పొలొకొ' అంటుంది. రెండోది, ఒడియాలో ఎ, ఏ అని రెండు వేరుగా ఉండవు, ఒ, ఓ కూడా అంతే, ఒక్కొక్కటే అక్షరం. అందుకని మెడ, మేడ ఒకేలా కనిపిస్తాయి. ఆ అమ్మాయి 'కొంగ మెడ' అని ఉన్నచోట 'కొంగ మేడ' అని చదివింది. నేను సరిచెయ్యబోయి ఆగిపోయాను. తను బొమ్మ చూసింది. కొంగ ఉంది, మేడ లేదు. మళ్లీ చూసింది. "మెడ! మెడ టీచర్!" అని గట్టిగా నవ్వింది. నేను పది సార్లు చెప్పినా రాని తేడా బొమ్మ ఒక్కసారికి చెప్పేసింది. ఇంట్లో మాట్లాడే భాష కాబట్టే అలా జరిగింది, 'మెడ' అన్న మాట ఆ పిల్ల నోట్లో ఎప్పటి నుంచో ఉంది, కాగితం మీద దాన్ని గుర్తుపట్టడమే మిగిలింది. వానలు మొదలయ్యేసరికి నాయనమ్మకి కథ చదివి వినిపించింది.

మా చిన్నప్పుడు ఈ పని మాకు తెలియకుండానే జరిగిపోయింది. 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలైన చందమామ మా ఇంటికి వచ్చేది, పక్కింటి ఒడియా వాళ్లకి అదే జహ్నమాము. బొమ్మలు ఒకటే. నేను వాళ్ల అరుగు మీద కూర్చుని ఒడియా చదివితే వాళ్లబ్బాయి మా గుమ్మంలో తెలుగు బొమ్మలు చూసేవాడు, ఈ కథలో రాక్షసుడు చివరికి ఏమయ్యాడని నన్ను అడిగేవాడు. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. పిల్లలకి నెలనెలా ఎదురుచూసే వస్తువు ఒకటి పోయింది, ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది.

మన వైపు నుంచి పిల్లల కోసం పనిచేసిన వాళ్లు తక్కువేం కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1905లో మన బరంపురంలోనే పుట్టారు. ఆయనా, భార్య కామేశ్వరి గారూ రేడియోలో పిల్లల చేత మాట్లాడించారు, పాడించారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. బరంపురం పిల్లలకి ఈ సంగతి ఎవరైనా చెప్తున్నారా అని నాకు అనుమానం.

ఇక గిడుగు వారు. ఆయన పేరు చెప్పకుండా ఈ ఊళ్లో పుస్తకాల గురించి మాట్లాడటం నావల్ల కాదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి పంతులు గారు 1880లో మన పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29న అటు తెలుగు భాషా దినోత్సవం కూడా చేస్తారు. నాకు అంతకంటే దగ్గరగా అనిపించేది ఆయన సవర పిల్లల కోసం చేసింది. కొండల మీది పిల్లలకి చదువు ఎందుకు రావడం లేదంటే, వాళ్ల భాషలో చదువు లేదు గనక. ఈ మాట ఇవాళ చెప్పడం తేలిక. ఆయన ఆనాడు ఏం చేశారంటే, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, కథలు, పాటలు పోగుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి మాస్టార్లకి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపడి ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, 1940లో పోయారు.

పిల్ల ఇంట్లో ఏ భాషలో నవ్వుతుందో ఆ భాషలో పుస్తకం ఉండాలని ఆయనకి ఇక్కడే, ఈ వీధుల్లో నడుస్తూ తోచింది. మన గజపతి జిల్లాలో సవర పిల్లలు ఇప్పుడూ ఉన్నారు, వాళ్లలో కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు. తెలుగు పుస్తకం కావాలని అడిగే నోటితోనే వాళ్లకి సవర పుస్తకం కావాలని కూడా అడగాలి మనం. ప్రథమ్ బుక్స్ వాళ్లు ఒడిశా గిరిజన భాషలైన సవర, కుయి, ముండా, జువాంగ్‌లలో బొమ్మల పుస్తకాలు వేశారు. వాళ్లదే స్టోరీవీవర్ అని 2015 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది, డబ్బులక్కర్లేదు, తెలుగూ ఒడియా రెండూ దొరుకుతాయి, ఫోన్లో చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. పిల్లల స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు, మొదటి మెట్టులో తేలికైన మాటలు కొద్దిగానే ఉంటాయి. మీ పిల్లాడు ఆరో తరగతి అయినా సరే, తెలుగు చదవడం కొత్త అయితే మొదటి మెట్టు పుస్తకమే ఇవ్వండి. "ఇంత పెద్దాడివి, చిన్నపిల్లల పుస్తకమా" అని మాత్రం అనకండి, ఆ ఒక్క మాటకి పుస్తకం మూసేసిన పిల్లల్ని చూశాను. అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాదులో మంచి పుస్తకం అని ఉంది, పిల్లల కోసం తెలుగులో చక్కగా వేస్తారు, ధరలు అందుబాటులో ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, కొంతమందికి నచ్చకపోవచ్చు. పుస్తకాలు లేవు, లేవు అంటాం కదా, చాలా చోట్ల ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి. నేను పనిచేసిన ఒక బడిలో మూడు వందల పుస్తకాలుండేవి, తెలుగువి కూడా ఉండేవి, తాళం హెడ్మాస్టారి బల్ల సొరుగులో ఉండేది. పుస్తకం చిరిగితే, పోతే, తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని ఆయనకి టెన్షన్. ఆయన చెడ్డవాడు కాదు. కానీ నేను ఆ బడి వదిలేనాటికి కొన్ని పుస్తకాల పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, ఎవరూ తెరవకుండానే చెదపురుగులు చదివేశాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

మన దేశంలో గ్రంథాలయాలకి దారి చూపిన రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు రాశారు, మొట్టమొదటిదే పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. ఒకప్పుడు యూరప్‌లో గ్రంథాలయాల్లో పుస్తకాలకి ఇనుప గొలుసులు వేసి అరలకి కట్టేసేవారట, ఆ సంగతి కూడా ఆయన చెప్తారు. మన బీరువా తాళమూ ఆ గొలుసూ ఒకటేనని నా నమ్మకం. హెడ్మాస్టార్లకి నేను చేతులు జోడించి అడిగేది ఒక్కటే, ఏడాదికి ఇన్ని పుస్తకాలు చిరుగుతాయి, ఇన్ని పోతాయి అని ముందే రాసుకోండి, పైవాళ్లకి కూడా ముందే చెప్పండి. చిరిగిన పుస్తకాన్ని బాగుచెయ్యడం పిల్లలకే నేర్పొచ్చు. టేపు వెయ్యకండి, కొన్నాళ్లకి పచ్చబడి కాగితాన్ని కూడా లాగేస్తుంది. మైదా పల్చగా ఉడికించి, పల్చటి కాగితం ముక్క అంటించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచితే చాలు. తను అతికించిన పుస్తకాన్ని ఏ పిల్లా మళ్లీ చింపదు, నేను చూసినంతలో ఒక్కరు కూడా చింపలేదు.

పుస్తకం ఇంటికి కూడా వెళ్లాలి. బడిలో వారానికి ఒక పీరియడ్ చదివితే చదువు వస్తుందని నేననుకోను. ఇంటికెళ్తే తమ్ముడు చూస్తాడు, నాయనమ్మ వింటుంది, పక్కింటి ఒడియా పిల్ల "ఇదేమిటి" అని అడుగుతుంది. కొంచెం నూనె మరక పడుతుంది, పడనీయండి.

అమ్మలూ, మీలో చాలామందికి తెలుగు చదవడం వచ్చో రాదో నాకు తెలియదు, రాకపోయినా ఫరవాలేదు. పుస్తకం తెరిచి బొమ్మ చూపించి మీ మాటల్లో చెప్పండి. "ఏటి చేస్తోందీ నక్క?" అని అడగండి. పుస్తకంలో 'ఏమిటి' అని ఉంటుంది, మనం 'ఏటి' అంటాం, పిల్లలు రెండూ పట్టుకుంటారు. మన యాస తప్పని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దాని కోసమే ఈ ఊళ్లో ఒక మాస్టారు జన్మంతా కొట్లాడారు. చదివాక ప్రశ్నలు మాత్రం అడగొద్దు. నీతి ఏమిటని అసలు అడగొద్దు. కథ అయిపోయాక "మళ్లీ చదవనా?" అని అడగండి, అంతే.

మా ఇంటి వీధి గదిలో కొన్ని పుస్తకాలు పెట్టాను, తెలుగువి, ఒడియావి, సవరవి కొన్ని ప్రింటు తీయించినవి. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి తలుపు తీసే ఉంటుంది. ఒక నోటుబుక్ ఉంది, పిల్లలే పేరు రాసుకుని పట్టుకెళ్తారు. పేరు ఏ లిపిలో రాసినా పర్వాలేదు. ఆ శుభలేఖ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, కిందటి వారం పెద్దదాన్ని తీసుకొచ్చింది, అది నోటుబుక్‌లో తన పేరు ముందు ఒడియాలో రాసి, వాళ్లమ్మని అడిగి కింద తెలుగులో రాసింది.

సరే, చాప మీద పిల్లలూ, మీ ముందున్న పుస్తకాల్లో కొంగ బొమ్మ ఉన్నది ఎవరి దగ్గరుంది? ఇలా ఇవ్వు నాన్నా, చదువుదాం. ఒడియాది కూడా ఎవరి దగ్గరుందో వాళ్లు వచ్చి నా పక్కన నిలబడండి.