శరదృతువులో పెద్దవాళ్ల పళ్లెం

పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడ డెబ్బై దాటినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు రోజూ వండిపెట్టే కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ ఉన్నారు. ఈ మాటలు ఇద్దరికీ.

ఆశ్వయుజం వచ్చేసరికి మన సంత నిండుతుంది. పాలమూరు సీతాఫలాలు, కొత్త పల్లికాయ, కంద, చిలగడదుంప, తీపి గుమ్మడి, కార్తికానికి ఉసిరి. వయసు వచ్చిందని వీటిలో దేన్నీ మానెయ్యక్కర్లేదు. ముప్పై ఏళ్లప్పుడు తిన్నట్టే తినడం మాత్రం కుదరదు. పంటి బలం, మింగే తీరు, వేసుకునే మాత్రలు అన్నీ మారాయి కదా.

ముందు ఒక లెక్క చూద్దాం. వయసుతో ఆకలి తగ్గుతుంది కానీ కండ నిలబడటానికి కావలసిన ప్రొటీన్ తగ్గదు. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లకు డాక్టరు చెప్పిందే లెక్క. మన ఇళ్లలో జరిగేదేమిటంటే, నమలలేరని పప్పును పలచన చేస్తాం, అన్నం మెత్తగా వండి చారు పోస్తాం. కడుపు నిండుతుంది. ప్రొటీన్ పది గ్రాములు చేరితే గొప్ప. పప్పును మెత్తగా చెయ్యండి కానీ పలచన చెయ్యకండి. తీపి గుమ్మడి ముక్కలు ఒక కప్పు, పెసరపప్పు అరకప్పు కలిపి ఉడికించి మెదిపితే నమలాల్సిన పని లేకుండా గట్టి పప్పు వస్తుంది. అది ఇద్దరికి సరిపోతుంది.

మింగేటప్పుడు పొలమారేవాళ్లకు చారన్నం అంత మంచిది కాదు. ఇది చాలామందికి తెలియదు. పలచని చారు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకులు నోట్లోనే ఉంటాయి. ఒకేసారి రెండింటినీ సంభాళించలేక పొలమారుతుంది. అన్నమూ పప్పూ కలిపి ఒకే చిక్కదనంలో మెదిపి పెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వకూడదు. మాటిమాటికీ పొలమారుతుంటే డాక్టరుకు చూపించాలి.

కొత్త పల్లికాయను కాల్చడం కన్నా ఉడకబెట్టడం మేలు, గింజ మెత్తబడుతుంది. అరకిలో కాయలకు లీటరున్నర నీళ్లు, అర టీస్పూను ఉప్పు పోసి కుక్కరులో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. గుప్పెడు ఉడికిన గింజల్లో, అంటే సుమారు 40 గ్రాముల్లో, 5 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. నమలలేనివాళ్లకు గింజలుగా ఇవ్వకండి, మెత్తగా రుబ్బి పచ్చడి చెయ్యండి. కాయ పీకే రోజుల్లో వాన తగిలితే లోపల బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడకబెట్టినా పోదు. ముడుచుకుపోయిన గింజ, రంగు మారిన గింజ, చేదు తగిలిన గింజ పారెయ్యాల్సిందే.

సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది చేసే ఇళ్లలో నువ్వులు ఉండనే ఉంటాయి. అయితే నమలకుండా మింగిన నువ్వు అరగకుండానే బయటికి పోతుంది, కాబట్టి పొడి చెయ్యాలి. సన్నటి మంట మీద చిటపటలాడేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. వేడి మీద తిప్పితే నూనె ఊరి ముద్దయిపోతుంది. పొట్టు తియ్యని నువ్వుల పొడి ఒక టేబుల్ స్పూనులో సుమారు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొట్టు తీస్తే అందులో చాలావరకు పోతుంది. కానీ ఆ పొట్టులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పూర్తిగా ఒంటబట్టనివ్వదు. అందుకే నువ్వులున్నాయి కదా అని పాలూ పెరుగూ తగ్గించకండి.

కంద దురద పెట్టేది దానిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. ముక్కల్ని చింతపండు వేసిన ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపెయ్యండి. పెరుగుతో తింటే ఇంకా మంచిది, మిగిలిన ఆక్సలేట్‌ను పెరుగులోని కాల్షియం పేగులోనే పట్టేస్తుంది. పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు కంద, చిలగడదుంప ఎంత తినవచ్చో అడిగే తినాలి. షుగరున్నవాళ్లు చిలగడదుంపను కాల్చుకోకుండా ఉడికించుకోవాలి, కాల్చినది చక్కెరను త్వరగా పెంచుతుంది. 100 గ్రాముల దుంప తిన్న పూట అరకప్పు అన్నం తగ్గించండి. పొడిగా ఉన్న ముక్క గొంతుకు అడ్డం పడుతుంది, పాలతో మెదిపి తినండి.

సీతాఫలం గింజలు ముందే తీసి గిన్నెలో పెట్టి ఇవ్వండి. షుగరుంటే చిన్నకాయలో సగం చాలు.

ఉసిరిని ఊరగాయగా తింటే ఉప్పే ఎక్కువ పడుతుంది. రెండు కాయల్ని 8 నిమిషాలు ఆవిరి మీద ఉంచి, గింజ తీసి, మెదిపి కప్పు పెరుగులో కలిపి పోపు పెట్టండి. తోటకూర పప్పుతో తింటే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ మాత్రం గంట ఆగి తాగాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానెయ్యక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే చాలు. పంపరపనస పండు మాత్రం కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలకూ, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులకూ పడకపోవచ్చు. డాక్టరును అడిగాకే తినండి.

ఇక కార్తిక సోమవారాలు. పగలంతా ఉండి నక్షత్రం చూశాక తినే అలవాటు చాలామందిది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు మాత్రలు తిండి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఉదయం మాత్ర వేసుకుని పగలు పస్తుంటే చక్కెర పడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వేసుకుని మంచినీళ్లు కూడా మానేస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. అందుకే కార్తికానికి వారం ముందే మాత్రల చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్రను సొంతంగా మానకండి, సొంతంగా మార్చకండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పాలు, పండు, మజ్జిగతో ఉండే ఉపవాసం కూడా డాక్టరు ఒప్పుకుంటేనే చెయ్యాలి.

ఉపవాసం విడిచేటప్పుడు ఒక్కసారిగా పులిహోర, బూరెలు వద్దు. ముందు గ్లాసు మజ్జిగ తాగి, కాసేపాగి, పప్పుతో మెత్తటి అన్నం తినండి. నాగుల చవితి చలిమిడి జిగురుగా ఉంటుంది, కట్టుడు పళ్లున్నవాళ్లు శనగగింజంత ముద్దలుగానే నోట్లో వేసుకోవాలి. పగటిపూట చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా చక్కెర పడిపోయిందేమో అనుకుని ఆ రోజుకు ఉపవాసం అక్కడితో ఆపెయ్యండి. మనిషి తెలివిగా ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చక్కెర చూడండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.