స్కూట్ పెట్టాలా, ఆడాలా? – పేకాటలో నిర్ణయాలపై ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: స్టూడియోలో లెక్కల మాస్టారు ఉన్నారు. మొదటి ఫోన్ భీమవరం నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమండి మాస్టారూ. పండక్కి బావలం, బావమరుదులం కలిసి 101 రమ్మీ ఆడతామండి, పాయింట్లు 101కి చేరితే అవుటు. డబ్బుల్లేవు, సరదాకే. నాకు అప్పటికి 58 పాయింట్లున్నాయి. లైఫ్ లేదు, అంటే జోకర్ లేకుండా ఒకే గుర్తులో వరసగా మూడు ముక్కలు లేవు. జోకర్ లేదు, ఆటీను 7, 8 తప్ప జత కలిసే ముక్కే లేదు. స్కూట్ పెట్టేశాను, అంటే ఆ రౌండు ఆడకుండా 20 పాయింట్లు రాయించుకుని తప్పుకున్నాను. ఆగలేక పేకలో పై ముక్క తిప్పి చూస్తే ఆటీను 9! లైఫ్ పడిపోయేదండి. అప్పట్నుంచి స్కూట్ పెట్టాలంటే చెయ్యి రావట్లేదు.

మాస్టారు: ఎన్ని పేకలతో ఆడుతున్నారు?

కాలర్: రెండు పేకలు, రెండు పేపర్ జోకర్లు.

మాస్టారు: అంటే 106 ముక్కలు. మీ చేతిలో 13, కట్ జోకర్ ఒకటి, ఓపెన్ ముక్క ఒకటి తీసేస్తే మీరు చూడనివి 91. వాటిలో మీకు లైఫ్ ఇచ్చేవి ఆటీను 6లు రెండు, 9లు రెండు. తీసిన ముక్క వాటిలో ఒకటయ్యే అవకాశం నూటికి నాలుగైదు సార్లే. అది వచ్చినా ఆట ముగించడానికి కావాల్సిన రెండో సీక్వెన్స్, అదే రెండో వరస, ఎక్కడుంది? మిగతా ముక్కలన్నీ కౌంటే కదా, ఓడితే మీ మీద పడే పాయింట్లే. మీరు పెట్టిన స్కూట్ సరైందే. ముక్క తిప్పి చూడటం మాత్రం మానెయ్యండి. మీరు నిర్ణయం తీసుకున్నప్పుడు ఆ 9 మీకు తెలియదు. తెలియని దానితో ఆ నిర్ణయాన్ని కొలవకూడదు.

కాలర్: స్కోరు కూడా చూడాలంటారా?

మాస్టారు: ముక్కల కంటే ముందు చూడాల్సింది అదే. సున్నా దగ్గర ఉన్నవాడికి ఐదు స్కూట్లున్నాయి. 41 నుంచి 60 మధ్య రెండు, 61 నుంచి 80 మధ్య ఒక్కటి. 81 వచ్చిందా, కంపల్సరీ, అంటే స్కూట్ పెడితే అవుటే కాబట్టి ఆడి తీరాలి. 58 మీద మీరు ఆడి 43 కౌంట్ ఇచ్చినా అవుటే. స్కూట్ పెడితే 78, ఇంకో స్కూట్ చేతిలోనే ఉంటుంది. ఆ రౌండులో కంపల్సరీ వాళ్లెవరైనా ఉన్నారా?

కాలర్: మా పెద్ద బావ, 85 మీద.

మాస్టారు: చెత్త ముక్కలొచ్చినా ఆయన ఆడక తప్పదు. మీరు 20 ఇచ్చి పక్కన కూర్చుంటే, వేరేవాళ్లు షో చెప్పి ఆట ముగించినప్పుడు ఆయన 16 కౌంట్‌కే వెళ్లిపోతాడు. మీ పని ఆయన ముక్కలే చేసిపెడతాయి. ఈసారి స్కూట్ పెట్టేటప్పుడు స్కోరు కాగితం అంచున కారణం రెండు మాటల్లో రాసుకోండి. పండగయ్యాక ఆ కారణాలే చదవండి, ఎవరు గెలిచారన్నది వదిలేసి.

యాంకర్: న్యూజెర్సీ నుంచి ఇంకో ఫోన్.

కాలర్: మాస్టారూ, వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో టెక్సాస్ హోల్డెమ్ పోకర్ ఆడతాం. టర్న్, అంటే అందరికీ కలిపి టేబుల్ మీద తెరిచే నాలుగో ముక్క, పడేసరికి నా చేతిలో రెండు ఇస్పేట్లు, టేబుల్ మీద రెండు. ఇంకొక్క ఇస్పేటు పడితే ఐదవుతాయి. పాట్‌లో, అంటే మధ్యలోని పందెం డబ్బులో, 40 డాలర్లుంటే అవతలి వాడు 20 వేశాడు. కాల్ చేశాను, అంటే నేనూ 20 వేశాను. రివర్‌లో, అదే చివరి ముక్కగా, ఇస్పేటు పడి గెలిచాను. ఇప్పుడు ప్రతిసారీ అలాగే కాల్ చేస్తున్నా, డబ్బులు పోతున్నాయి.

మాస్టారు: భీమవరం ఆయన మంచి నిర్ణయం తీసుకుని బాధపడుతున్నారు, మీరు చెడ్డ నిర్ణయంతో గెలిచి దాన్నే పట్టుకున్నారు. మీరు చూడని ముక్కలు 46, అందులో ఇస్పేట్లు 9. నూటికి ఇరవై సార్లు కూడా పడదు. మీరు వేసే 20తో కలిపి పాట్ 80 అవుతుంది, కాబట్టి నాలుగింట ఒకసారైనా గెలవాలి. ఫోల్డ్ చెయ్యాలి, అంటే ముక్కలు పడేసి తప్పుకోవాలి.

కాలర్: ఇస్పేటు పడ్డాక వాడి దగ్గర ఇంకా రాబట్టొచ్చు కదా?

మాస్టారు: మంచి ప్రశ్న. పడిన ప్రతిసారీ సగటున ఇంకో 22 డాలర్ల పైన వస్తేనే ఆ కాల్ గిట్టుబాటు. టేబుల్ మీద మూడో ఇస్పేటు చూశాక కూడా డబ్బు పెట్టే మనిషేనా అతను? జాగ్రత్తపరుడైతే పెట్టడు. అది మీకే తెలియాలి.

యాంకర్: కరీంనగర్ నుంచి లైన్‌లో ఉన్నారు.

కాలర్: సార్, ఫోన్‌లో రమ్మీ ఆడి చాలా పోగొట్టుకున్నా. ఈ లెక్కలు నేర్చుకుంటే తిరిగి వస్తాయా? రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా.

మాస్టారు: చెప్పింది నాయనా, 1967లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో. ఆట మీద క్లబ్ లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ లెక్క ముక్కల దగ్గర మొదలవడం లేదు, పోయిన డబ్బు దగ్గర మొదలవుతోంది. అలా కూర్చున్నవాడు స్కూట్ పెట్టాల్సిన చెయ్యి కూడా ఆడేస్తాడు. నా లెక్కలు మీకు పనికిరావు. ఇంట్లో తెలుసా?

కాలర్: తెలియదు సార్.

మాస్టారు: ఈ రాత్రికే మీ ఆవిడకు చెప్పండి. యాప్ తీసేయండి, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఆమెనే చూసుకోమనండి.

కాలర్: అప్పు ఎంతో కూడా చెప్పాలా సార్?

మాస్టారు: మొత్తం చెప్పండి, ఎవరికి ఎంతో పేర్లతో సహా కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. ఫోన్ పెట్టెయ్యకండి, మీ నంబరు మా వాళ్లకివ్వండి. కార్యక్రమం అయ్యాక నేనే మాట్లాడతాను.