కొండ దిగివచ్చే రంగులు: పోకహాంటస్ కౌంటీలో ఆకురాలు కాలం

[దృశ్యం: పొగమంచు విడిపోతున్న కొండవాలు. శిఖరం ముదురు ఆకుపచ్చన, నడుము ఎర్రన, లోయ ఇంకా లేత ఆకుపచ్చన.]

వ్యాఖ్యానం: అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు తూర్పు అంచున, ఆలెగెనీ పర్వతాల నడుమ పోకహాంటస్ కౌంటీ ఉంది. దీని విస్తీర్ణం దాదాపు 940 చదరపు మైళ్లు. 2020 జనగణన ప్రకారం జనాభా 7,869. ఆకుల రంగులు చూడదలచినవారు సాధారణంగా ఏ తేదీన బయలుదేరాలని అడుగుతారు. ఈ కౌంటీ విషయంలో ఏ ఎత్తుకు వెళ్లాలని అడగడమే మేలు, ఎందుకంటే ఇక్కడ శరత్తు ఒకేసారి రాదు, శిఖరాల మీద మొదలై మెల్లగా లోయల్లోకి దిగుతుంది.

[దృశ్యం: ఒకే ఆకు. అంచుల నుంచి పచ్చదనం తగ్గుతూ పసుపు బయటపడుతుంది.]

వ్యాఖ్యానం: పగటి నిడివి తగ్గి, రాత్రులు చల్లబడేసరికి చెట్టు కొత్తగా పత్రహరితాన్ని తయారుచేయడం మానుతుంది. బర్చ్, బీచ్ చెట్ల ఆకుల్లో మనకు కనిపించే పసుపు వేసవి అంతా ఆ ఆకుల్లోనే ఉండి, పత్రహరితం చాటున దాగినదే. మేపుల్ ఎరుపు అలాంటిది కాదు. ఆకులో మిగిలిన చక్కెరలతో చెట్టు దానిని అప్పటికప్పుడు తయారుచేస్తుంది. అందుకే పగలు బాగా ఎండకాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న సంవత్సరాల్లో ఎరుపు గాఢంగా వస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది కనుక ఈ మార్పు పైన ముందు జరుగుతుంది. ఎత్తైన చోట్ల సెప్టెంబరు చివరికే రంగులు కనిపిస్తే, లోయలకు అవి చేరేసరికి అక్టోబరు నడిమి రోజులు వస్తాయి.

[దృశ్యం: ఆవిరి ఇంజను పెట్టెలను వెనుక నుంచి నెడుతూ నిటారు వాలు ఎక్కుతుంది.]

వ్యాఖ్యానం: ఈ తేడాను ఒక్క పూటలో చూడాలంటే కాస్ ఊరి నుంచి బాల్డ్ నాబ్ శిఖరానికి వెళ్లే రైలు ఎక్కాలి. సుమారు 11 మైళ్ల ప్రయాణంలో అది రెండు వేల అడుగులకు పైగా పైకి చేరుతుంది. శిఖరం ఎత్తు 4,842 అడుగులు. దానిని నడిపేవి షే ఇంజన్లు. వీటిలో పక్కన నిలువుగా అమర్చిన సిలిండర్లు ఒక పొడవాటి ఇరుసును తిప్పితే, ఆ ఇరుసు పళ్లచక్రాల ద్వారా ప్రతి చక్రానికీ బలం అందిస్తుంది. మామూలు ఇంజను జారిపోయే వాలును ఇది నెమ్మదిగా, పట్టు తప్పకుండా ఎక్కుతుంది.

ఈ పట్టాలు యాత్రికుల కోసం వేసినవి కావు. 1901లో ఒక కాగితపు కంపెనీ కాస్ ఊరిని నిర్మించి, ఈ కొండల మీది స్ప్రూస్ అనే సతతహరిత చెట్ల దుంగలను ఈ దారినే కిందికి దింపింది. రంపపు మిల్లు 1960లో మూతపడింది. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం రైలుమార్గాన్ని కొనగా, 1963 నుంచి దాని మీద యాత్రికులు ప్రయాణిస్తున్నారు. ఈనాడు కిటికీలోంచి మనం మెచ్చుకునే అడవిలో ఎక్కువ భాగం ఆనాడు నరికివేసిన నేల మీద మళ్లీ పెరిగినదే. ఇది తెలిసి చూసినప్పుడు ఆ ఎరుపు నాకు మరింత విలువైనదిగా అనిపిస్తుంది. శిఖరాన తిరిగి లేచిన ఎర్ర స్ప్రూస్ మాత్రం ఆకు రాల్చదు కాబట్టి, కొండ నెత్తి ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

[దృశ్యం: చెట్ల మీదుగా తెల్లని మహా రేడియో టెలిస్కోపు.]

వ్యాఖ్యానం: ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇదే కౌంటీలోని గ్రీన్ బ్యాంక్ ఊళ్లో ఉన్న టెలిస్కోపు నక్షత్రాల నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను వింటుంది. 1958లో దాదాపు 13,000 చదరపు మైళ్ల మేర రేడియో నిశ్శబ్ద మండలాన్ని, అంటే రేడియో ప్రసారాలను అదుపులో ఉంచే ప్రాంతాన్ని, ఏర్పాటు చేసింది ఇలాంటి పరిశీలనల రక్షణ కోసమే. కౌంటీలో చాలాచోట్ల మొబైల్ ఫోను పనిచేయదు. అందువల్ల కాగితపు పటం వెంట ఉంచుకుని, బస ముందే ఖాయం చేసుకుని, కొండ దారిలోకి వెళ్లేముందే బండిలో ఇంధనం నింపుకోవాలి.

[దృశ్యం: గ్రీన్‌బ్రయర్ నది ఒడ్డున సైకిలు బాట.]

వ్యాఖ్యానం: పైన ఆకులు రాలిపోయాక వచ్చినవారు నిరాశపడనవసరం లేదు. నది వెంట 78 మైళ్లు సాగే గ్రీన్‌బ్రయర్ రివర్ ట్రెయిల్ కూడా ఒకప్పటి రైలుమార్గమే. రైళ్ల కోసం చదును చేసినది కాబట్టి పెద్ద ఎక్కుళ్లు లేవు, పిల్లలు సైతం సునాయాసంగా సైకిలు తొక్కగలరు. ఓక్ చెట్లు అన్నిటికన్నా ఆలస్యంగా, ఇటుక రంగులోకి మారేది ఈ లోయ ఒడ్డునే, అదీ బాల్డ్ నాబ్ మీది ఆకురాల్చే చెట్ల కొమ్మలు బోడిగా మిగిలిన తరువాత.