ఖిబ్లా ఆగ్నేయంలో ఉన్న ఊళ్ళో

శ్రోతలందరికీ నమస్కారం. అస్సలాము అలైకుమ్.

మా నెల్లూరులో నమాజుకు ఏ దిక్కు తిరిగి నిలబడాలని ఎవరినడిగినా పడమర అంటారు. ముస్లింలే కాదు, పక్కింటి వాళ్ళయినా తడుముకోకుండా చెప్తారు. ఆ దిక్కునే ఖిబ్లా అంటాం. లండన్‌లో అది ఆగ్నేయం. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చిన మనవాళ్ళు దిగిన రోజే ఫోనులో దిక్సూచి తెరిచి చూసుకుంటారు. ఊళ్ళో ఉన్నప్పుడు వీధి మనకోసం ఎన్ని పనులు చేసిపెట్టేదో ఆ రోజు నుంచి ఒక్కొక్కటిగా తెలిసొస్తుంది. అజాన్ వినపడేది, టైము చూసుకునే అవసరం ఉండేది కాదు. నెలవంక కనిపించిందని మసీదు మైకులో చెప్పేవాళ్ళు. మాంసం కొట్టు సాయిబు తాతల కాలం నుంచీ తెలిసినవాడే. ఇంట్లో ఎవరైనా పోతే కఫన్ గుడ్డ తెచ్చేవాళ్ళు, గుస్ల్, అంటే ఆఖరి స్నానం, చేయించేవాళ్ళు, ఖబరస్తాన్‌లో గుంత తవ్వించేవాళ్ళు పిలవకుండానే వచ్చేవాళ్ళు. ఇక్కడ వీటిలో ఏదీ దానంతటది జరగదు. ముందు తెలుసుకోవాలి, తర్వాత చేసుకోవాలి. మేం ఇక్కడ ఏం తెలుసుకుంటున్నామో, ఏం తెలుసుకోకుండా వదిలేస్తున్నామో నాకు తోచినంత వరకు చెప్తాను.

ముందు టైము సంగతి. నెల్లూరులో ఏ కాలమైనా పగలు పదకొండు గంటలకూ పదమూడు గంటలకూ మధ్యలోనే ఉంటుంది. లండన్‌లో డిసెంబరు చివర సూర్యుడు ఎనిమిది దాటాక వచ్చి నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. అంటే జొహర్, అసర్, మగ్రిబ్ మూడు నమాజులూ మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగుకీ మధ్య, సరిగ్గా ఆఫీసు వేళలోనే వచ్చిపడతాయి. లంచ్ టైములో ఒకటి, టీ తాగడానికి లేచినప్పుడు ఇంకొకటి, మీటింగు అయిన వెంటనే మూడోది. పెద్ద ఆఫీసుల్లో అన్ని మతాలవాళ్ళకూ కలిపి ఒక ప్రార్థన గది ఉంటుంది. అది లేనిచోట స్టోర్ రూమే దిక్కు.

జూన్‌లో అంతా తిరగబడుతుంది. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నరకు కాస్త ముందు. మే చివరి నుంచి జులై మధ్య దాకా లండన్ ఆకాశం పూర్తిగా చీకటి పడదు. చీకటే పడకపోతే రాత్రి నమాజు ఇషా ఎప్పుడు చదవాలి? ఉపవాసానికి ముందు తినే సహరీ ఎప్పుడు ఆపాలి? దీని మీద ఉలమాల్లో, అంటే మత పండితుల్లో, ఒకే మాట లేదు. రాత్రిని ఏడు భాగాలు చేసి లెక్కకట్టాలని కొందరు, అర్ధరాత్రిని హద్దుగా పెట్టుకోవాలని కొందరు, చీకటిపడే దగ్గరి ప్రాంతం టైము తీసుకోవాలని మరికొందరు. మగ్రిబ్, ఇషా కలిపి చదువుకునే మసీదులూ ఉన్నాయి. 2015, 2016లలో రంజాన్ జూన్‌లోనే వచ్చింది. ఇక్కడ ఉపవాసం పద్దెనిమిది గంటల పైమాటే. ఊరి నుంచి అమ్మీ ఫోన్ చేసి ‘ఇఫ్తార్ అయిందా’ అని అడిగే వేళకు మాకు మధ్యాహ్నం కూడా పూర్తయ్యేది కాదు. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఇప్పుడది చలికాలంలోకి వస్తోంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మళ్ళీ ఒకసారి మొదలవుతుంది. డిసెంబరు రోజా ఇక్కడ పది గంటలు కూడా ఉండదు. ఆ ఏడు మమ్మల్ని చూసి నెల్లూరువాళ్ళు అసూయపడాల్సిందే.

నెలవంక గొడవ మీరు వినే ఉంటారు. సౌదీ ప్రకటన వచ్చిందంటే చాలనే మసీదు ఒకటి, మొరాకోను చూసే మసీదు ఒకటి, ఇక్కడి ఆకాశంలో కంటికి కనపడాల్సిందే అనేది ఇంకొకటి. బ్రిటన్ ఆకాశంలో మబ్బు లేని సాయంత్రం దొరకడమే గగనం. దాంతో ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు పండుగలు. నిజం చెప్పాలంటే నాకు దీని మీద పెద్ద బెంగ లేదు. రెండు రోజులు సేమియా తింటే ఎవరికీ నష్టం లేదు. స్కూలుకు సెలవు చీటీ ఏ తేదీకి రాయాలన్నదొక్కటే టెన్షన్. హలాల్ మాంసం విషయమూ అంతే. జంతువును ముందు స్పృహ తప్పించవచ్చా లేదా అన్నదాని మీద సర్టిఫికెట్లిచ్చే సంస్థలే రెండు దారుల్లో ఉన్నాయి. ఎవరి మనసుకు నచ్చిన ముద్ర వాళ్ళు చూసుకుంటారు. బిస్కెట్ల పాకెట్ మీద వెజిటేరియన్ గుర్తు ఉంటే జంతువుల నుంచి తీసే జిలెటిన్ ఉందేమోనన్న భయం తీరుతుంది.

పిల్లల చదువు దగ్గరికి వస్తే మాత్రం ఇంత తేలిగ్గా మాట్లాడలేను.

ఇక్కడి పిల్లలు స్కూలు నుంచి వచ్చి, ఏదో ఒకటి తిని, ఐదింటికి మసీదు మదరసాకు వెళ్తారు. ఖాయిదా అనే అరబీ అక్షరాల పుస్తకంతో మొదలుపెట్టి, అక్షరం ఎక్కడ గొంతులోంచి రావాలో, ఎక్కడ ముక్కులోంచి రావాలో నేర్చుకుని ఖురాన్ పూర్తి చేస్తారు. బాగా చదువుతారు కూడా. అర్థం మాత్రం చాలా చోట్ల చెప్పరు, అడిగితే తర్వాత అంటారు. అదే పిల్లలకు పొద్దున స్కూల్లో మతం ఒక పాఠం. ఇంగ్లండ్‌లో చాలా ప్రభుత్వ బడుల్లో క్రైస్తవంతో పాటు మిగతా ప్రధాన మతాల గురించీ చెప్పాలి. పదో తరగతిలాంటి జీసీఎస్ఈ పరీక్షకు రెండు మతాలు చదవాలి. చాలా బడులు క్రైస్తవం, ఇస్లాం తీసుకుంటాయి. అందులో పన్నెండు మార్కుల ప్రశ్న ఒకటి ఉంటుంది. ఒక మాట ఇచ్చి, దాన్ని సమర్థిస్తూ కొంత, వ్యతిరేకిస్తూ కొంత రాయమంటారు. అంటే మా పిల్ల సాయంత్రం ఎదురు ప్రశ్న వేయకుండా వల్లె వేస్తుంది, పొద్దున అదే దీన్ మీద, అంటే అదే మతం మీద, రెండు వైపులా వాదన రాస్తుంది. ఈ రెంటి మధ్య వచ్చే సందేహాలన్నీ రాత్రి అన్నం దగ్గర మా మీద పడతాయి.

మా దాదీకి ఇలాంటి అవసరం రాలేదు. ఆవిడకు తెలిసిన దీన్ చేసి చూపించే దీన్. మాకు చేసి చూపిస్తే సరిపోవడం లేదు, కారణం చెప్పాలి. అందుకే నలభై ఏళ్ళు దాటాక తఫ్సీర్ పుస్తకాలు, అంటే ఖురాన్ వివరణలు, తెరిచిన తల్లులు మాలో చాలామంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదవడం వచ్చింది తెలుగే కాబట్టి తెలుగు అనువాదం ముందు పెట్టుకుంటాం. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివాళ్ళలో చిలుకూరి నారాయణరావు గారు ఉన్నారు. ముస్లిం కాని ఒక తెలుగు పండితుడు గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ఆ పనికి పూనుకున్నాడంటే ఇక్కడి స్నేహితులు ఒక పట్టాన నమ్మరు.

స్నేహితులంటే గుర్తొచ్చింది. ఇక్కడి మసీదులో మన పక్కన నిలబడేది సోమాలియా మనిషి కావచ్చు, బోస్నియా మనిషి కావచ్చు, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన వాళ్ళు కావచ్చు. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటామని, కోరిక తీరినవాళ్ళు మరుసటేడు రొట్టె తెచ్చి ఇస్తారని, వచ్చేవాళ్ళలో హిందువులు లెక్కలేనంతమంది అని చెప్తే కొందరు కళ్ళు పెద్దవి చేసి వింటారు. కొందరు ‘ఇది దీన్‌లో ఎక్కడుంది’ అని నిలదీస్తారు. మొదట్లో చిన్నతనంగా ఉంటుంది. తర్వాత కూర్చుని చదువుకుంటే ఏది ఫర్జో, అంటే తప్పనిసరి విధో, ఏది మన ఊరి ఆచారమో విడదీసి చూడటం వస్తుంది. ఆచారమని తేలినంత మాత్రాన దాన్ని పారేయాలని నేను అనుకోను. రొట్టె పట్టుకుని మోకాటిలోతు నీళ్ళలో నిలబడ్డ మనుషుల మధ్య పెరిగినదాన్ని. వాళ్ళను తప్పుపట్టే చదువు నాకొద్దు.

లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంట లోపల బ్రూక్‌వుడ్ అనే ఊరు వస్తుంది. 1854లో తెరిచిన పెద్ద శ్మశానవాటిక ఉందక్కడ. దానికి దగ్గర్లోని వోకింగ్‌లో 1889లో, భోపాల్ బేగం షాజహాన్ ఇచ్చిన సొమ్ముతో కట్టిన మసీదు ఇప్పటికీ ఉంది. బ్రూక్‌వుడ్‌లో ముస్లింల కోసం విడిగా ఉంచిన చోట ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన ఇద్దరు ఉన్నారు. ఒకరు మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లండ్‌లో పుట్టి, 1917లో ఇస్లాం ప్రకటించి, హైదరాబాద్‌లో నిజాం కొలువులో పనిచేశారు. చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రిన్సిపల్‌గా ఉన్నారు. ఆయన అనువాదం 1930లో వచ్చింది. రెండోవారు అబ్దుల్లా యూసుఫ్ అలీ. మన దేశంలో పుట్టి ఐసీఎస్ చేసిన మేధావి. ఆయన అనువాదం, వివరణ లేని ఇంగ్లీషు ముస్లిం ఇల్లు అరుదు. మా ఇంట్లోనూ ఉంది. 1953 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, ఆ పెద్దాయన లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో ఒక గుమ్మం ముందు దిక్కులేని స్థితిలో పోలీసులకు కనిపించారు. ఆస్పత్రికి, అక్కడి నుంచి వృద్ధుల ఆశ్రమానికి చేర్చారు. మర్నాడే గుండెపోటుతో పోయారు. వయసు 81. ఆయన పుస్తకం అప్పటికే ఎన్నో దేశాల్లో చేతులు మారుతోంది, మనిషిని మాత్రం ఎవరూ చూసుకోలేదు.

అప్పటితో పోలిస్తే ఇప్పుడు ఇక్కడ మేం తక్కువేం కాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 39 లక్షల మంది, నూటికి ఆరున్నర. ఆస్పత్రుల్లో రోగుల దగ్గరికి వచ్చి దువా చేసే ముస్లిం చాప్లిన్లు ఉన్నారు. అయినా పిల్లలు వేరే ఊళ్ళకు వెళ్ళిపోయాక ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళు ప్రతి మసీదు చుట్టుపక్కలా ఉన్నారు. నెలవంక మీద వాట్సాప్‌లో ఖర్చయ్యే ఓపికలో కొంచెం వీళ్ళ తలుపు తట్టడానికి వాడితే బాగుండునని నాకు ప్రతి రంజాన్‌లోనూ అనిపిస్తుంది.

బయటి భయం కూడా ఉంది, దాచను. 2024 జులై చివర సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారుల హత్య జరిగితే, చంపినవాడు ముస్లిం అని అబద్ధం పుట్టించి మర్నాడే అక్కడి మసీదు మీద రాళ్ళు వేశారు. తెల్లారాక పడిపోయిన గోడను మళ్ళీ కట్టడానికి చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. ఈ రెండూ జరిగింది ఆ ఊళ్ళోనే.

చావు గురించి మాట్లాడాలి, మనవాళ్ళు ఆ మాట ఎత్తితే అపశకునం అంటారు గానీ. ఊళ్ళో పొద్దున పోతే అసర్ లోపు ఖననం అయిపోతుంది. ఇంగ్లండ్‌లో 2024 సెప్టెంబరు నుంచి, కరోనర్ (కారణం తెలియని మరణాలను విచారించే అధికారి) దాకా వెళ్ళని ప్రతి మరణాన్నీ మెడికల్ ఎగ్జామినర్ అనే డాక్టరు చూడాలి. తర్వాత రిజిస్ట్రార్ దగ్గర నమోదు, ఖననానికి అనుమతి కాగితం. మరణ కారణం తేలకపోతే కేసు కరోనర్‌కు వెళ్తుంది. అక్కడ శవాన్ని కోయకుండా స్కాన్‌తో తేల్చే వీలు కొన్ని చోట్ల ఉంది, అదీ అడిగితేనే. మధ్యలో శని ఆదివారాలు వస్తే ఇంకా ఆలస్యం. స్థలానికి, తవ్వకానికి కలిపి వేల పౌండ్లు. అందుకే చాలా మసీదులకు అంత్యక్రియలు చూసే జనాజా కమిటీ ఉంటుంది, ఏడాదికి కొంత చందా కడితే కాగితాలతో సహా వాళ్ళే చూసుకుంటారు. మన కుర్రాళ్ళు, వయసులో ఉన్నాం కదా అని, అందులో చేరరు. తర్వాత ఎవరికో రోడ్డు ప్రమాదం జరిగితే స్నేహితులు ఆన్‌లైన్‌లో చందాలు అడుగుతూ, శవాన్ని శంషాబాద్ దాకా పంపడానికి హైకమిషన్ చుట్టూ తిరుగుతారు. పంపాలంటే మందులతో ఎంబామింగ్ చేయించాలి. పోయిన చోటే మట్టి ఇవ్వడం మేలని చాలామంది ఉలమాలు చెప్తారు. ఈ మాట బతికుండగానే ఇంట్లో అమ్మానాన్నలతో తేల్చుకోవాలి.

ఆఖరుగా ఇంకొకటి. ఇది నెల్లూరు, కడప, గుంటూరుల్లో కూతుళ్ళున్న తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. మన దేశంలో ఖాజీ చదివిన నికా చట్టం ముందు పెళ్ళే. ఆ పెళ్ళి బ్రిటన్‌లోనూ చెల్లుతుంది. కానీ అబ్బాయి అమ్మాయి ఇద్దరూ ఇంగ్లండ్‌లోనే ఉన్నారని, అక్కడే ఇమాంను పిలిచి హాల్లో నికా చేయిస్తే, అది అల్లా ముందు పెళ్ళి, కోర్టు ముందు కాదు. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. అలాంటి నికాను చెల్లని పెళ్ళిగా కూడా లెక్కించలేదు, అసలు చట్టం దృష్టిలోకి రానిదిగా చూసింది. ఆ కేసులోని జంటకు నలుగురు పిల్లలు. విడిపోయే రోజు వస్తే ఇలాంటి భార్యకు విడాకుల చట్టం కింద ఇల్లు, పెన్షన్ లాంటివాటిలో వాటా అడిగే హక్కు ఉండదు. మెహర్ రాసిన నికానామా ఒక్కటే చేతిలో ఉంటుంది. 2018లో ప్రభుత్వం వేయించిన ఒక సమీక్ష, నికాతో పాటు సివిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని చెప్పింది. అదింకా చట్టంగా రాలేదు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసుకు వెళ్ళి నోటీసు ఇవ్వాలి. మామూలుగా 28 రోజులు ఆగాలి, వీసా మీద ఉన్నవాళ్ళకు 70 రోజుల దాకా పట్టొచ్చు. ఆ గడువు అయ్యాక రిజిస్ట్రార్ ముందు పెళ్ళి. నికా, చట్టం ముందు పెళ్ళి రెండూ ఒకేచోట జరిగేలా రిజిస్టర్ చేయించుకున్న మసీదులు కొన్ని ఉన్నాయి, ఎక్కువ లేవు. కాబట్టి సంబంధం ఖాయమైనప్పుడు అబ్బాయి జీతం, వీసా, ఇల్లు అడుగుతున్నారు కదా, వాటితో పాటే రిజిస్ట్రార్ దగ్గర తేదీ ఎప్పుడు తీసుకున్నారో అడగండి. తర్వాత చూద్దాం అంటే, నికా తేదీ కూడా తర్వాతే చూద్దామని చెప్పండి.

సెలవు. ఖుదా హాఫిజ్.