కల్నల్ దాకా వెళ్ళే దారి

(హైదరాబాద్‌లోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఎన్‌సీసీ విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా యూనిఫాంలో ఇంత నిటారుగా కూర్చున్న అమ్మాయిలకు నమస్కారం. కాస్త వెనక్కి వాలి కూర్చోండమ్మా, ఏం పర్వాలేదు. నేను లా పాఠాలు చెప్పుకునేదాన్ని, మీకు పనిష్మెంట్ ఇచ్చే అధికారం నాకు లేదు.

జాతీయ భద్రతలో మహిళల నాయకత్వం గురించి మాట్లాడమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇలాంటి సభల్లో సాధారణంగా ‘తొలి మహిళ’ జాబితా చదువుతారు. తొలి పైలట్, తొలి గన్నర్, అలా. ఆ జాబితా మీ జీకే పుస్తకంలో ఎలాగూ ఉంది. నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. మన త్రివిధ దళాల్లో మూడు నక్షత్రాల హోదా, అంటే లెఫ్టినెంట్ జనరల్ స్థాయి దాకా ఎదిగిన స్త్రీల పేర్లు కొన్ని చెబుతాను, వినండి. పునీతా అరోరా. మన తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ. మాధురీ కనిత్కర్. సాధనా సక్సేనా నాయర్. ఆర్తీ సరీన్. వీళ్ళందరిలో కలిసే విషయం ఏమిటో చెప్పగలరా?

వెనక వరసలోంచి ఎవరో సరిగ్గానే అన్నారు. అందరూ డాక్టర్లే.

ఎందుకలా? సిగ్నల్స్‌లో, ఇంజనీర్స్‌లో చేరిన అమ్మాయిలకు సత్తా తక్కువా? కాదు. ఆర్మీ మెడికల్ కోర్‌లో మహిళా డాక్టర్లకు 1958 నుంచే మగవాళ్ళతో సమానంగా రెగ్యులర్ కమిషన్ ఉంది. అవే కోర్సులు, అవే పోస్టింగులు, అదే ప్రమోషన్ బోర్డు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు సర్వీసులో ఉండనిచ్చారు కాబట్టి పైదాకా వెళ్ళారు. మిగతా శాఖల్లోకి స్త్రీలను తీసుకోవడం 1992లో మొదలైంది. అదీ షార్ట్ సర్వీస్ కమిషన్ మీద, మొదట ఐదేళ్ళకు. తర్వాత పదేళ్ళు చేశారు, ఆ తర్వాత పద్నాలుగు. ఆఫీసరుకు పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండాలి. లెక్క మీరే వేసుకోండి. ఇరవై మూడేళ్ళకు చేరిన అమ్మాయి, ముప్పై ఏడేళ్ళకు, పిల్లలు ఇంకా బడిలో ఉండగా, పెన్షన్ లేకుండా ఇంటికి. కల్నల్ హోదాకు ఎంపిక చేసే ప్రమోషన్ బోర్డు ముందుకు ఆమె ఫైలు వెళ్ళేదే కాదు.

దీని మీద మహిళా ఆఫీసర్లు కోర్టుకెళ్ళారు. 2010లో ఢిల్లీ హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. కేంద్రం అప్పీలుకు వెళ్ళింది. సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇవ్వలేదు, అయినా ఏళ్ళ తరబడి అమలు కాలేదు. 2019లో ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది: మరో ఎనిమిది శాఖల్లో పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా సర్వీసు, ఇస్తాం, కానీ ఆఫీసు పని చూసే స్టాఫ్ పోస్టులు మాత్రమే, దళాన్ని నడిపించే కమాండ్ ఇవ్వం అని. ఎందుకివ్వరయ్యా అంటే, జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళు, ఆడ ఆఫీసరు ఆజ్ఞాపిస్తే వినడానికి మానసికంగా ఇంకా సిద్ధంగా లేరని కోర్టుకు రాసిచ్చారు. పల్లెటూరి మగవాళ్ళ మీద ఇంత చిన్నచూపా అని నాకు కాస్త కోపమే వచ్చింది. 2019 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆర్మీ సర్వీస్ కోర్ దళాన్ని నడిపించింది మన హైదరాబాద్ అమ్మాయి భావనా కస్తూరి. వెనక అడుగు కలిపినవాళ్ళంతా మగవాళ్ళే. ఎవరి అడుగూ తప్పలేదు.

2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనలన్నీ పక్కన పెట్టేసింది. కమాండ్ నుంచి స్త్రీలను గంపగుత్తగా తప్పించడం చెల్లదంది. టీవీల్లో మిఠాయిలు పంచుకున్నారు. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. మా క్లాసులో నేను ఎక్కువసేపు చెప్పేది కూడా ఆ కథే.

తీర్పు ప్రకారం బోర్డు పెట్టారు. స్త్రీల పాత ఫైళ్ళు దించారు. ఆఫీసరుకు ఏటా పై అధికారి రాసే రహస్య నివేదిక ఉంటుంది, ఏసీఆర్ అంటారు. ప్రమోషన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇప్పుడు ఆ నివేదిక రాసే అధికారి కుర్చీలో ఒకసారి మీరు కూర్చోండి. మీ కింద ఇద్దరు కెప్టెన్లు. అబ్బాయికి పర్మనెంట్ కమిషన్ రావాల్సి ఉంది, ఒక్క మార్కు అటూ ఇటూ అయితే బతుకు మారిపోతుంది. అమ్మాయి ఎలాగూ కొన్నేళ్ళలో వెళ్ళిపోతుంది, ఆమెకు ఎంత వేసినా ఒకటే. మంచి గ్రేడు ఎవరికి వేస్తారు? కోర్సుకు ఎవరిని పంపుతారు? మీకు దురుద్దేశం ఏమీ అక్కర్లేదు. అలా ఏ పట్టింపూ లేకుండా రాసిన కాగితాలనే పదిహేనేళ్ళ తర్వాత తీసి, అదే బ్యాచ్‌లో పర్మనెంట్ కమిషన్ దక్కిన అబ్బాయిల్లో అందరికంటే తక్కువ మార్కులొచ్చిన వాడితో పోల్చి, నెగ్గితేనే ఉంచుతామన్నారు. అదీ మొదటి ఐదు, పదేళ్ళ రిపోర్టులే చూశారు. ఆ తర్వాత తెచ్చుకున్న పతకాలు, ప్రశంసలు లెక్కలోకి రాలేదు. పైగా మగ ఆఫీసర్లకు పాతిక, ముప్పై ఏళ్ళ వయసులో చూసిన షేప్-1 ఆరోగ్య ప్రమాణాన్ని, నలభై దాటిన ఈ స్త్రీలకు అప్పుడు పెట్టారు.

2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో కోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. రూలు అందరికీ ఒకటే, పైకి ఏ తప్పూ కనపడదు, దెబ్బ మాత్రం ఒకరికే తగులుతుంది. నన్నడిగితే ఈ రెండో తీర్పే పెద్దది. మొదటిది తలుపు తీయించింది, నిజమే. కానీ నాయకత్వం తయారయ్యేది ఆ మధ్య పదిహేనేళ్ళలో: ఏ కోర్సుకు పంపారు, ఏ యూనిట్ అప్పగించారు, రిపోర్టులో ఏం రాశారు. అవి సరిగ్గా లేకపోతే చేర్చుకున్నా ఒకటే, చేర్చుకోకపోయినా ఒకటే.

ఫలితం ఆలస్యంగా వచ్చింది. 2023 మొదట్లో ప్రత్యేక బోర్డు పెట్టి, 108 కల్నల్ ఖాళీల కోసం 1992 నుంచి 2006 దాకా బ్యాచ్‌లకు చెందిన 244 మంది మహిళా ఆఫీసర్లను పరిశీలించారు. మొదటి బ్యాచ్ వాళ్ళు అప్పటికి ముప్పై ఏళ్ళ సర్వీసుకు వచ్చేశారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ గురించి టీవీలో దేశానికి చెప్పిన కల్నల్ సోఫియా ఖురేషీని మీరంతా చూశారు. 2020 తీర్పులో ఆమె పేరుంది, బహుళ దేశాల సైనిక విన్యాసంలో భారత దళాన్ని నడిపించిందని.

యూనిఫాం లేని వైపు కూడా ఒక మాట. మీ కాలేజీ నుంచి కంచన్‌బాగ్ ఎంత దూరం? అక్కడ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబులో పనిచేసిన టెస్సీ థామస్ అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్ట్ డైరెక్టర్. 2024 మార్చి 11న ఒకే క్షిపణితో పలు వార్‌హెడ్లు మోసుకెళ్ళే అగ్ని-5 పరీక్షకు నేతృత్వం వహించింది షీనా రాణి. ఉస్మానియాలో చదివిన జె. మంజుల 2015లో డీఆర్‌డీఓలో తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. వీళ్ళ దగ్గర పద్నాలుగేళ్ళ గీత ఎవరూ గీయలేదు. డాక్టర్ల సంగతే ఇక్కడా చూడండి. మీలో బీఎస్సీ, ఇంజనీరింగ్ వైపు మొగ్గున్నవాళ్ళు అటు కూడా ఆలోచించండి.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పదాతిదళం, ట్యాంకు రెజిమెంట్లు ఇప్పటికీ స్త్రీలకు లేవు. సైన్యంలోని న్యాయ విభాగంలో ఆరు పోస్టులు మగవాళ్ళకు, మూడు స్త్రీలకు అని పెట్టి, ఎక్కువ మార్కులొచ్చిన అమ్మాయిని పక్కన పెడితే, 2025 ఆగస్టులో అర్ష్‌నూర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. లా చదువుతున్నవాళ్ళు ఆ తీర్పు తప్పకుండా చదవండి.

2025 మే 30న నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నుంచి తొలిసారి 17 మంది అమ్మాయిలు మగ క్యాడెట్లతో కలిసి పాసయి బయటికొచ్చారు. పదిహేను, పదహారేళ్ళ సర్వీసు తర్వాత వాళ్ళ ఫైళ్ళు కల్నల్ బోర్డు ముందుకొస్తాయి, అంటే 2040 దాటాక. ఆ ఫైళ్ళలో కాగితాలు ఈపాటికే పడుతుంటాయి. మీలో ఎవరైనా చేరితే మొదటి ఏడాది నుంచే ఇవి చూసుకోండి: మీ బ్యాచ్‌మేట్‌ను పంపిన కోర్సుకు మిమ్మల్ని పంపారా, లేదా? స్టాఫ్ కాలేజీ పరీక్షకు ఎప్పుడు కూర్చోవచ్చు? రిపోర్టులో మీకు చూపించే భాగం చూపించారా? సందేహముంటే రాతపూర్వకంగా అడగండి, మర్యాదగానే. నోటిమాటను ఏ బోర్డూ లెక్కచేయదు.

నా మాటలు ఇంతే. వాయుసేన ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ గురించి, ఆఫీసర్ల ఎంపిక కోసం ఐదు రోజులు జరిగే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ గురించి మీ ఎన్‌సీసీ మేడమ్ నాకంటే బాగా చెబుతారు. తీర్పుల మీద ప్రశ్నలుంటే నన్నడగండి, మైకు వెనక వరస నుంచి మొదలుపెట్టండి.