మూత తీయకుండా తీసుకురామ్మా

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్తా కూర్చుంటే పొద్దు వాలిపోతుంది. నాకేమో ఎండతోనే పని. ఎండతో రంగునీళ్లను శుద్ధి చేసే పద్ధతి, ఫోటోకెటాలిసిస్ గురించి నాలుగు మాటలు.

గోడలకేసే తెల్ల పెయింటులో ఉండేదే టైటానియం డయాక్సైడ్. అతినీలలోహిత కాంతి తగిలితే అందులో ఎలక్ట్రాన్ ఎగిరి, ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీళ్ల నుంచి మహా చురుకైన కణం, హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. అది రంగు అణువును కొరికేస్తుంది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా ఇదే పదార్థంతో, వెలుతురుతో నీటిని విడగొట్టి చూపించారు. అయితే ఎండలో దీనికి పనికొచ్చే కాంతి నూటికి నాలుగైదు పాళ్లే. మన నెల్లూరు ఎండైనా అంతే!

మా నాన్న చీరలు నేసే ఊరు పాటూరులో నూలుకు రంగు వేసేవాడు. బానలో రంగు, ఉప్పు మరిగించి చిలపలు ముంచేవాడు. మిగిలిన నీళ్లు ఇంటెనక కాలవలోకే. గోళ్ల సందుల్లో నీలం ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేత్తో తినొద్దని అమ్మే ముద్దలు కలిపి పెట్టేది. ఇది చెప్పాలనే వచ్చాను, ఫోటోకెటాలిసిస్ ఒక సాకు.

నేను లెక్చరర్‌నయ్యాక ఒక ప్రదర్శనలో మిథిలిన్ బ్లూ అనే నీలి రంగు తీసుకున్నా. నిజం మురుగులా ఉండాలని కాస్త గంజి కలిపి, టైటానియం డయాక్సైడ్ పొడి వేసి, సీసా మూత బిగించి ఎండలో పెట్టా. తేటపడింది. చప్పట్లే చప్పట్లు! సాయంత్రం మా అటెండరు కడుగుదామని మూత తీసి ఊపాడు. పైనుంచి నీలం దిగింది సార్, సిరా పోసినట్టు! లోపల ఆక్సిజన్ అయిపోయింది, రంగు విరగలేదు, రంగులేని రూపంలోకి మారిందంతే. గాలి తగలగానే తిరిగొచ్చింది. సర్టిఫికెట్ మాత్రం నా దగ్గరే ఉంది.

అందుకే పిల్లలూ, తేటపడితే చాలనుకోవద్దు. సీఓడీ చూడండి, అంటే నీళ్లలో మిగిలిన మలినాన్ని విరగ్గొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ లెక్క. బట్టలకు వాడే అజో రకం రంగులు సగం విరిగితే అమీన్లనే విషపు రసాయనాలు మిగలొచ్చు. అన్నట్టు, పాటూరులో మిథిలిన్ బ్లూతో చీరలెవరూ నేయరు! అక్కడి బాన నీళ్లే తెచ్చుకోండి.

ఇదంతా నాన్నకు చెప్తే ఒకటే అడిగాడు: "మరి ఉప్పేమవుద్దిరా అబ్బయా?" ఏమీ కాదు, నీళ్లలోనే ఉంటుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఆ రాడికల్స్‌నే మింగేస్తుంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినోణ్ణి, ఆయన ముందు నోరు పెగల్లేదు.

సరే, ఆ రెండో బల్ల మీద తేటపడిన సీసా ఎవరిది? నీదేనా? మూత తీయకుండా ఇట్లా తీసుకురామ్మా.