టూ పాయింట్‌కి ఎప్పుడు వెళ్ళాలి? – ఆదివారం ఫోన్-ఇన్

యాంకర్: అందరికీ నమస్కారం. ఇవాళ అమెరికన్ ఫుట్‌బాల్. టచ్‌డౌన్ కొట్టాక, అంటే బాల్‌ని అవతలి చివర ఎండ్‌జోన్‌లోకి చేర్చాక, కిక్ కొట్టాలా, టూ పాయింట్‌కి వెళ్ళాలా. కోచ్ గారు స్టూడియోలోనే ఉన్నారు. ఫస్ట్ కాల్ న్యూజెర్సీ నుంచి.

కాలర్ (న్యూజెర్సీ): నమస్తే అండి, నేను ఈ ఏడాదే చూడ్డం మొదలెట్టా. టచ్‌డౌన్‌కి ఆరు ఇచ్చేశారుగా, మళ్ళీ ఇదేంటి?

కోచ్: నమస్తే అమ్మా. ఆరు వచ్చాక ఇంకో ఛాన్స్ ఇస్తారు. కిక్ కొడితే 1. కిక్ వద్దనుకుంటే, ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, 2 గజాల దూరం నుంచి ఒక్క ప్లేలో బాల్‌ని మళ్ళీ ఎండ్‌జోన్‌లోకి చేర్చాలి, చేరిస్తే 2. ఈ టూ పాయింట్ కాలేజీ ఆటలో 1958 నుంచీ ఉంది, ఎన్ఎఫ్ఎల్‌లో 1994లో పెట్టారు. 2015లో కిక్‌ని వెనక్కి జరిపారు, ఇప్పుడది 33 గజాలు, అంతకుముందు నూటికి 99 పడేవి, ఇప్పుడు 94, 95 అలా. టూ పాయింట్ దాదాపు సగం సార్లు పడుతుంది. లెక్కలో రెండూ ఇంచుమించు సమానమే, కాబట్టి స్కోర్ తేడా చూసుకునే వెళ్ళాలి. నేనెప్పుడూ చెప్పేది ఒకటే, రెండు కావాలనుకుంటే ముందే వెళ్ళండి, ఆఖరిదాకా దాచుకోవద్దు.

యాంకర్: థాంక్యూ అండి. నెక్స్ట్ ఫ్రిస్కో, టెక్సస్.

కాలర్ (ఫ్రిస్కో): హలో, ఇనవడ్తుందా అన్నా? మా పోరడు హైస్కూల్ టీంల ఆడ్తడు, లైన్‌బ్యాకర్. మొన్న శుక్రవారం రాత్రి మ్యాచ్, పేరెంట్స్ అందరం స్టాండ్స్‌ల కూసున్నం, చలి బాగుండె, మా ఆవిడ ఫ్లాస్క్‌ల చాయ్ గూడ తెచ్చింది, సరే అది పక్కకు వెట్టు, ఫోర్త్ క్వార్టర్‌ల 14 ఎనకున్నం. టచ్‌డౌన్ కొట్టిన్రు, 8 తేడా. కిక్ కొడ్తే 7 అయితుండె గదా, ఇంకోటి కొట్టి మళ్ళ కిక్ కొడ్తే సమానం. కోచ్ ఏమో టూకి పొమ్మన్నడు. పడలే. మళ్ళ టచ్‌డౌన్ కొట్టిన్రు, మళ్ళ టూ, అదీ పడలే. 2 పాయింట్లతోని ఓడినం. స్టాండ్స్‌ల ఒక్కటే ఒర్రుడు, నేను గూడ ఒర్రిన. ఆ కోచ్‌ది తప్పే గదా?

కోచ్: తప్పు కాదండి. రిజల్ట్ చూసి నిర్ణయాన్ని తిట్టకండి. 14 వెనకుంటే ఎలాగూ రెండు టచ్‌డౌన్లు కావాలి, అవతలోళ్ళు ఇంకేం కొట్టకూడదు, అంతేగా? మీ దగ్గర చిల్లర ఉందా? ఒక క్వార్టర్ నాణెం తియ్యండి.

కాలర్: ఆగన్నా... తాళంచెవుల గిన్నెల ఉంటది... ఆఁ, దొరికింది.

కోచ్: బొమ్మ పడితే టూ పాయింట్ వచ్చినట్టు, బొరుసైతే పోయినట్టు. వెయ్యండి.

కాలర్: బొరుసు.

కోచ్: తేడా ఇంకా 8. తర్వాత టచ్‌డౌన్ కొట్టారు, తేడా 2. మళ్ళీ వెయ్యండి.

కాలర్: బొమ్మ!

కోచ్: సమానమైంది, ఓవర్‌టైమ్. మొదటిది తప్పినా సర్దుకోడానికి ఇంకోటి మిగిలింది చూశారా. అదే మొదటిసారే బొమ్మ పడుంటే తేడా 6, రెండో టచ్‌డౌన్ తర్వాత మామూలు కిక్‌తో గెలుపే. నాలుగు మ్యాచ్‌లు ఇలా ఆడితే రెండు గెలుస్తారు, ఒకటి ఓవర్‌టైమ్, ఒకటి ఓడతారు. రెండుసార్లూ కిక్కే కొడితే నాలుగూ ఓవర్‌టైమ్‌కే, అందులో సగం పోతాయి. మీవాళ్ళకి పడింది ఆ నాలుగోది.

కాలర్: అది గాదన్నా, ముందుగాల కిక్ కొట్టి, ఆఖర్ల టూకి పోతే అయిపాయె గదా?

కోచ్: అదే వద్దంటున్నా! ఆఖర్న వెళ్ళినా గెలిచే ఛాన్స్ సగమే, కానీ తప్పితే మ్యాచ్ అక్కడే పోయింది. ముందే వెళ్తే అదే సగం, పైగా తప్పితే ఇంకో ఛాన్స్. హైస్కూల్లో కిక్ పక్కా అని ఎవరు చెప్పారు మీకు? కొట్టేది పదహారేళ్ళ పిల్లాడు.

కాలర్: ...కార్ల ఇంటికొచ్చేదాక మా పోరని ముంగట కోచ్‌ని తిట్టుకుంటనే వచ్చిన అన్నా. వాడు ఒక్క మాట మాట్లాడలే.

కోచ్: పర్లేదండి. ఆ క్వార్టర్ వాడి చేతికివ్వండి, వాడు వేస్తాడు, మీరు కాగితం మీద రాయండి. యాభై సార్లు వెయ్యమనండి.

యాంకర్: టైమ్ అవుతోంది. డెట్రాయిట్.

కాలర్ (డెట్రాయిట్): సార్, 2023 డిసెంబర్ 30, కౌబాయ్స్‌తో మా లయన్స్ మ్యాచ్, టూ పాయింట్ పడింది సార్, రిఫరీ కొట్టేశాడు, బాల్ పట్టిన మా డెకర్ ముందే రిఫరీ దగ్గరికెళ్ళి తాను బాల్ పట్టుకోవచ్చని రిపోర్ట్ చేశాడంటే...

కోచ్: రిఫరీ సంగతి నన్నడక్కండి. 20-19తో వెనకుండి, 23 సెకన్లున్నప్పుడు లయన్స్ కోచ్ క్యాంప్‌బెల్ గెలుపు కోసం టూకి వెళ్ళాడు, అది మంచి నిర్ణయం. ఓడినా మంచిదే.

యాంకర్: థాంక్యూ. అట్లాంటా.

కాలర్ (అట్లాంటా): కోచ్ గారూ, టూకి వెళ్తే అవతలోళ్ళు బాల్ పట్టుకుని పారిపోతే?

కోచ్: అవతలి చివరి ఎండ్‌జోన్‌దాకా చేరిస్తే వాళ్ళకే 2. ఎన్ఎఫ్ఎల్‌లో 2015 నుంచి ఈ రూల్. మీ ఫాల్కన్స్‌కే జరిగింది, 2016 డిసెంబర్‌లో చీఫ్స్ మీద. టచ్‌డౌన్‌తో 28-27 అయింది, టూ పడితే 30, అంటే 3 పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టినా అవతలోళ్ళకి సమానమే. కానీ చీఫ్స్ ప్లేయర్ ఎరిక్ బెర్రీ బాల్ పట్టుకుని అవతలి చివరిదాకా పరిగెత్తాడు, 29-28, మ్యాచ్ చీఫ్స్‌ది. చాలా బాధేసే ఓటమి. అయినా 1 పాయింట్ ముందున్నప్పుడు టూకి వెళ్ళడం కరెక్టే.

కాలర్: అప్పట్నుంచి టూ అంటేనే భయం సార్.

కోచ్: భయం వెయ్యడం సహజమే. మళ్ళీ అదే తేడా వస్తే మళ్ళీ వెళ్ళాలి, అంతే.

యాంకర్: లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు, సారీ, టైమ్ అయిపోయింది. వచ్చే ఆదివారం ఫోర్త్ డౌన్ గురించి. థాంక్యూ కోచ్ గారూ.